ఖాళీ గోడ ముందు దేవదానం మాస్టారు

ఈ ఉదయం ఏడూ ఇరవైకి ఎదురింటివాళ్లు తలుపులకు వార్నిష్ వేయించడం మొదలుపెట్టారు. ఆ వాసన వంటింట్లోకి రాగానే పొయ్యి మీద పాల సంగతి మరచి నిలబడిపోయాను. దేవదానం మాస్టారి చేతులకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది.

ఆయన విజయవాడలో మా బడికి డ్రాయింగు మాస్టారు. ఏటా ఎనిమిదో తరగతిని బస్సెక్కించి, బందరు దారిలో మ్యూజియంగా మారిన ఒక పాత జమీందారు కోటకు తీసుకువెళ్లేవారు. అన్ని గదులూ తిరగనిచ్చేవారు కాదు. ఒక్క పటం ముందు గంటసేపు కూర్చోబెట్టేవారు. మా ఏడాది అది రాణిగారి తైలవర్ణ చిత్రం.

"అందరూ నగలే చూస్తారమ్మాయ్. వెనకాల విసనకర్ర పట్టుకున్నావిడ చెయ్యి చూడు. ఎంతసేపట్నించి నిలబడిందో తెలుస్తుంది," అన్నారు.

"చూశానండీ," అన్నాను వెంటనే.

"అప్పుడేనా? బస్సెళ్లిపోతోందా ఏం?"

పిల్లలంతా నవ్వారు. ఆమె మణికట్టు అలసటతో వంగి ఉందని నాకు కనిపించడానికి అరగంట పట్టింది.

ముప్పై ఏళ్ల తర్వాత ఆయన చూపు దాదాపు పోయింది. "ఒక్కసారి ఆ పటం దగ్గరికి తీసుకెళ్లమ్మా. నువ్వు చూసి చెబుదువుగాని, నేను వింటాను," అని ఫోన్ చేశారు. పనులున్నాయంటూ రెండు నెలలు వాయిదా వేసి, చివరికి తీసుకెళ్లాను. తీరా ఆ గదిలో గోడ ఖాళీగా ఉంది. పటాన్ని మరమ్మతుకు పంపామని చిన్న కాగితం అంటించారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా మోచెయ్యి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. లేదని చెప్పలేకపోయాను. గుర్తున్నదంతా చెప్పుకుపోయాను: నగలు, విసనకర్ర, వంగిన మణికట్టు.

ఆయన కాసేపు విన్నారు. "గబగబా చెబుతున్నావు. చూసేవాళ్లు మధ్యమధ్య ఆగుతారు," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "పటం లేదు కదూ?"

"లేదండీ. బాగుచేయడానికి పంపారంట."

"మరి గోడెలా ఉందో చెప్పొచ్చుగా."

తిరుగుదారిలో ఉయ్యూరులో కాఫీ తాగాం. పిల్లల చదువుల గురించి మామూలుగానే అడిగారు. ఆయన బాధపడకూడదనే అబద్ధమాడానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆయన బాధను చూడలేక తప్పించుకున్నది నేను. ఇప్పుడు ఎవరైనా ఏదైనా ఎలా ఉందని అడిగితే, జవాబిచ్చే ముందు ఇంకోసారి చూస్తాను.

మాస్టారు మరో నాలుగేళ్లు బతికారు. నెలకోసారి వెళ్లేదాన్ని. వాకిట్లో మందారం ఎన్ని పూలు పూసిందో, ఆకాశం మబ్బు పట్టిందో లేదో పనిమనిషిని అడిగేవారు. నన్ను మాత్రం మళ్లీ దేన్నీ చూసి చెప్పమనలేదు.