రెండు చేతుల పల్లికాయ

ఈ సాయంత్రం కల్వకుర్తిలో మా వాకిట్లో కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయ తింటున్నాం. మా పాపకు సెరిబ్రల్ పాల్సీ. ఎండాకాలంలో వెన్నెముక ఆపరేషన్ అయ్యేదాకా, పక్కకు ఒరిగిపోకుండా ఒక చెయ్యి ఎప్పుడూ కుర్చీకి ఆనించుకునే ఉండేది. కాయలు మా అత్తమ్మే ఒలిచి నోట్లో పెట్టేది.

పక్కింటామె వచ్చి, “గింత పెద్ద ఆపరేషన్ చేపిచ్చిండ్రు గదా, పిల్ల ఇంకా నడుస్తలేదా?” అంది.

నాకు ఒళ్లు మండింది. అత్తమ్మ మాత్రం నిమ్మళంగా, “నడుసుడు సంగతి ఇడిసిపెట్టు చెల్లె, జర గా చేతులు సూడు. రెండూ ఖాళీగున్నయి. ఇగ తనే ఒల్చుకుంటాంది” అంది.

“ఏదీ, నాకో కాయ ఒల్చియ్యి బిడ్డా” అంటూ పక్కింటామె చెయ్యి చాపింది. పాప నెమ్మదిగా కాయ ఒలిచి, గింజలు తన నోట్లో వేసుకుని, తొక్కలు ఆమె చేతిలో పెట్టింది.

తల్లిగా మందలించాలి. నేను పాపకు ఇంకో కాయ అందించాను. మీరైతే ఏం చేసేవారు?