జపాన్ మనవరాలు, నందిగామ చీపురు

ఈ ఉదయం టీ గ్లాసు పట్టుకుని ఫోను తెరవగానే నందిగామ బడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో కనపడింది. మా మనవరాలు ఆ బడి వదిలి వెళ్ళిపోయినా నన్ను గ్రూపులోంచి తియ్యడం వాళ్ళు మరిచిపోయారు. అందులోంచి బయటపడటం ఎలాగో తెలియక నేనూ అలాగే ఉండిపోయాను. ఫోటోలో తెల్ల గ్లవుజులు తొడుక్కున్న పిల్లలు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కొత్త చీపురు, దానికి కవరు కూడా ఊడదియ్యలేదు. మధ్యలో ప్రిన్సిపాల్ మేడం. వాళ్ళ కాళ్ళ కింద నేల మొహం చూసుకునేంత శుభ్రంగా మెరుస్తోంది. ఓ పక్కగా, ఫోటోలో సగమే పడ్డ ఆయా, చీపుర్లు ఎప్పుడు వెనక్కిస్తారా అని ఎదురుచూస్తున్నట్టుంది. కింద ‘మా విద్యార్థులకు శ్రమ విలువ నేర్పుతున్నాం’ అని రాసి, దాని కింద తల్లిదండ్రుల చప్పట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదే మేడం ఇదే చీపురు గురించి నన్ను జగ్గయ్యపేట నుంచి బస్సెక్కించి రప్పించి, పెద్ద క్లాసు పీకింది మరి.

ఆ కథ చెప్పాలంటే ముందు మా చెల్లెలి సంసారం చెప్పాలి. చెల్లెలిది నందిగామ. దాని కూతురు, అంటే నా మేనకోడలు, మొగుడి ఉద్యోగం పుణ్యమా అని జపాన్‌లో ఉంటుంది. రెండో కాన్పుకి పుట్టింటికి వచ్చి ఒక సంవత్సరం ఇక్కడే ఉండాల్సి రావడంతో, పెద్దపిల్లను నందిగామలోనే ఐదో తరగతిలో చేర్చింది. పిల్ల తండ్రి జపాన్‌లో ఉండిపోయాడు, చెల్లెలి మొగుడు కాలం చేశాడు. మిగిలిన మగదిక్కు నేనేనని బడివాళ్ళ దగ్గర గార్డియన్‌గా నా పేరు ఇచ్చారు. ఏడో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి, మైకుసెట్లు అద్దెకిచ్చుకుంటూ బతుకుతున్నవాణ్ణి నేను. పెళ్ళికైనా, చర్చి పండగకైనా, ఎలక్షన్‌కైనా గొంతు వాళ్ళది, బాక్సులు నావి. అలాంటివాడు ఇంగ్లీషు బడికి గార్డియన్! ‘ఏ భాషలో సంతకం పెట్టమంటావే?’ అని అడిగితే, మా మేనకోడలు పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

పిల్ల చక్కటి తెలుగు మాట్లాడేది. నేను ఆదివారాలు వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టుకుని అక్కడి బడి గురించి కూపీ లాగేవాణ్ణి. అక్కడ పొద్దున్నే వీధిలో పిల్లలంతా ఒకచోట చేరి, బస్సూ వ్యానూ లేకుండా నడిచే వెళ్తారట. గుమ్మంలో బయటి బూట్లు విప్పి లోపలి బూట్లు తొడుక్కుంటారట. మధ్యాహ్నం అన్నం పిల్లలే, నెత్తికి తెల్ల టోపీలు పెట్టుకుని, ఒకరికొకరు వడ్డించుకుంటారట.

“ఫస్ట్ ర్యాంకు ఎవరిదే మీ క్లాసులో?”

“మా బళ్ళో ర్యాంకులు లేవు తాతయ్యా.”

“మరి మీ అమ్మావాళ్ళు పక్కింటోళ్ళతో ఏం మాట్లాడుకుంటారు?”

ఇక్కడి బడి చూస్తే, ఐదో తరగతి పిల్లలకు ఇప్పట్నించే డాక్టరు సీటుకీ ఇంజినీరు సీటుకీ పునాది వేస్తున్నారు. ఆ పునాదికి కావలసిన కంకరంతా వాళ్ళ వీపు మీది సంచీలోనే మోయిస్తారు. ఒకసారి ఆ సంచీ ఎత్తబోయి, ఇంతకన్నా మా బాక్సులే నయమని దింపేశాను. ఆటలగది ఉంది, దానికి తాళమూ ఉంది. మొదటిరోజు పిల్ల అలవాటు కొద్దీ క్లాసు గుమ్మంలో బూట్లు విప్పి వెళ్తే, సాయంత్రానికి బూట్లే లేవు. ఉత్తకాళ్ళతో నడిచొచ్చి, ‘ఎవరో పొరపాటున వేసుకెళ్ళుంటారు, రేపు తెస్తారు’ అంది. జపాన్ వాళ్ళు పిల్లల్ని ఇంత అమాయకంగా పెంచి మన మీదికి ఎలా వదులుతారో నాకు అర్థం కాలేదు.

అయితే ఆ బళ్ళో ఆయాలు ఉండరనీ, రోజూ అన్నాలయ్యాక పిల్లలే క్లాసులూ మెట్లూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టి తుడుస్తారనీ నాకు అప్పటికి తెలియదు. తెలిస్తే ముందే హెచ్చరించేవాణ్ణి. ఒకరోజు భోజనాలయ్యాక ఈ పిల్ల మూలనున్న చీపురు తీసుకుని క్లాసంతా ఊడ్చేసింది. అదేదో ఆటనుకుని ఇంకొందరు బెంచీలు జరిపారు. క్లాసులో కెమెరా ఉంది, అది తల్లిదండ్రుల ఫోన్లలో కనపడుతుంది. ఇంకేముంది! ‘ఫీజులు కట్టేది చీపుర్లు పట్టించడానికా?’ అని ఒకాయన గ్రూపులో పెట్టాడు. మా పనమ్మాయి పిల్ల కూడా ఇప్పుడు ఊడవట్లేదని ఇంకో ఆవిడ అంది. మర్నాటి నుంచి క్లాసులో పిల్లకు ‘చీపురు’ అని పేరు పెట్టేశారు. పిల్ల ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. ఇంక బడికి వెళ్ళనని మాత్రం మెల్లగా చెప్పి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

“ఈ ఇంట్లో బడెగ్గొట్టినోడివి నువ్వొక్కడివి చాలవట్రా అన్నయ్యా? ఇదీ నీ దారే పట్టింది. నువ్వే వచ్చి చెప్పు దీనికి,” అని మా చెల్లెలు ఫోన్లో అరిచింది.

నా దారి సంగతి దానికీ సరిగా తెలియదు. ఎవరడిగినా, నాకూ చదువుకీ జాతకాలు కలవలేదని చెప్పి నవ్వించేస్తాను. అసలు జరిగింది వేరు. పెనుగంచిప్రోలు పక్కన మా ఊరు. ఊరికి అవతల, చర్చి చుట్టూ మా పల్లె. మా పల్లె పిల్లలం బెల్లుకు ముందే బడికి వెళ్ళి గదులు ఊడ్చేవాళ్ళం. ఊళ్ళో పిల్లలు కూడా అప్పటికే వచ్చి ఉండేవాళ్ళు, కాకపోతే చెట్టు కింద గోళీలాడుతూ. అలా ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ అడగలేదు. నోటి దురద కొద్దీ నేనే ఒకరోజు, “సార్, మాకు ఈ పాఠం వచ్చేసిందండి, రేపట్నించి వాళ్ళకి చెప్పండి” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. “నీకింక చదువెందుకురా, ఆ చీపురు చాలు” అన్నారు. నేనూ నవ్వుతూనే బయటికొచ్చాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

గార్డియన్ని రమ్మని మేడం కూడా కబురు పెట్టడంతో ఆ రోజే బస్సెక్కాను. చెల్లెలి ఇంటికి వెళ్ళి, పిల్లను బతిమాలి వెంటబెట్టుకుని మేడం గదికి వెళ్ళాను.

“చూడండి సార్, మా స్కూల్లో అందరూ మంచి మంచి ఫ్యామిలీస్ పిల్లలండి,” అంది మేడం.

“మంచి ఫ్యామిలీస్ ఇళ్ళల్లో చీపుర్లుండవాండి?”

మేడం నన్ను వదిలేసి పిల్లవైపు తిరిగింది. పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, “నేను చేసింది తప్పా మేడం?” అని అడిగింది. ఎందుకు తప్పో నాకు తెలుసు, మేడంకీ తెలుసు. చివరికి మేడమే తేలిగ్గా గట్టెక్కింది. “తప్పని కాదు నాన్నా. నువ్వు ఊడ్చేస్తే ఆయాకి పనుండదు కదా. పాపం, ఆవిడ ఏం తింటుంది?”

పిల్ల మొహం విచ్చుకుంది. నడుం దాకా వంగి, క్షమించమని అడిగి, రేపు వస్తానంది. ఇంత పచ్చి అబద్ధానికి నాకు నోరు దురదపెట్టింది. కానీ పిల్ల రేపు బడికొస్తానంది కదా! నోరు మూసుకుని బయటికొచ్చేశాను.

తర్వాత ఆ బడి వార్షికోత్సవానికి మైకుసెట్టు నాదే. పొద్దున్నే వైర్లు లాగుతుంటే, పిల్ల నారింజపండు ఒలిచి, తొక్కలు ఒక్కొక్కటే లెక్కగా వరండాలో పడేస్తూ కనపడింది.

“ఏం పనే అది? పక్కనే డబ్బా ఉందిగా!”

“ఆయాకి పనుండాలి కదా తాతయ్యా. నేను రోజూ కొంచెం పడేస్తున్నా.”

వైరు పక్కన పెట్టేశాను. జపాన్‌లో నేర్చుకుని వచ్చిన చదువంతా నందిగామలో ఒక టర్మ్‌లో ఎలా తలకిందులైందో చూస్తుంటే, ఎవరిని తిట్టాలో తోచలేదు. పిల్లను స్టేజీ మెట్ల మీద కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పని మా బడి సంగతి మొత్తం చెప్పాను. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అది విని లేచి వెళ్ళి తొక్కలు ఏరసాగింది. ఆయా పరుగెత్తుకొచ్చింది.

“వద్దమ్మా తల్లీ, నా కొంప ముంచకు! మళ్ళీ కెమెరాలో పడతావ్!”

పిల్ల వినలేదు. అన్నీ డబ్బాలో వేసి, చేతులు దులుపుకుని, నా దగ్గరకొచ్చి అడిగింది.

“మీరు ఊడుస్తుంటే వాళ్ళంతా ఆడుకునేవాళ్ళా?”

“ఆఁ.”

“రోజూనా?”

“రోజూనే.”

“మా బళ్ళో అందరం కలిసి ఊడిస్తే చప్పున అయిపోతుంది తాతయ్యా. తర్వాత అందరం ఆడుకుంటాం. మీరెప్పుడు ఆడుకునేవాళ్ళు?”

చదువు మానేసినందుకు నా మీద జాలిపడినవాళ్ళు బోలెడుమంది. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. మైకు టెస్ట్ చేసే వంకతో అటు తిరిగి, కాసేపు ‘హలో, హలో’ అన్నాను. ఆ పిల్ల తర్వాత ఒక్కరోజు కూడా బడి మానలేదు. సంవత్సరం కాగానే తమ్ముణ్ణి ఎత్తుకున్న తల్లితో జపాన్ వెళ్ళిపోయింది. చదువుకి వయసుతో పనిలేదనీ, ఇప్పుడైనా పరీక్షకి కట్టమనీ అది ఫోన్లో నన్ను సతాయిస్తుంటుంది. కడతానేమో కూడా. కానీ పదేళ్ళప్పుడు, బెల్లు కొట్టకముందు, చెట్టు కింద ఆడాల్సిన ఆటను ఏ వయసులో కట్టి పాసవ్వాలో ఏ దేశపు బడీ చెప్పదు.