వేంపల్లె పోలింగుకు ఎస్తేరమ్మత్తతో

ఆరు గంటలకే మా మేనత్త ఎస్తేరమ్మతో కడప బస్సుస్టాండుకు చేరాను. అత్త పంటి నొప్పికని వచ్చి వారంగా, కడపలో బడి టీచరుగా ఉన్న నా దగ్గరే ఉంది. మా ఇద్దరి ఓట్లూ సొంతూరు వేంపల్లెలో. అత్తకు పట్టా భూమి ఉంది, నాకు టీచరు చదువుంది. ఆస్తో చదువో ఉన్నవాళ్లకే ఓటు గనక వచ్చిన ఓట్లవి.

అభ్యర్థి రెడ్డిగారి మనిషి సుబ్బయ్య ఎదురొచ్చాడు. "మా బస్సులో దుడ్లు లేకుండా పోదాం రాండి. మా రెడ్డి పెట్టెలో ఓటు వేస్తే సాలు."

"నీ బస్సెక్కితే నా చెయ్యి నీదవుతాదా అప్పా?" అంది అత్త. తలా ఆరణాలిచ్చి మామూలు బస్సెక్కాం.

అది బొగ్గు గ్యాసు బస్సు. యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా కరువే. పక్క సీటులో బట్టల మూటతో ఒక సాయిబు కూర్చున్నాడు. "ఆస్తీ లేదు, చదువూ లేదు, నాకు ఓటెవరిస్తారమ్మా? ఉన్న మీరైనా పోయి వేయండి," అన్నాడు. పాపాఘ్ని ఏటి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. అందరం దిగి తోశాం. వేంపల్లె చేరేసరికి పది దాటింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిని పోలింగు పెట్టిన బడి దగ్గరికి నడిచాం.

నా ఓటు ఇబ్బంది లేకుండా వేశాను. అత్త పేరు చూసి అధికారి తలెత్తాడు. "ఈ పేరున ఓటు పడిపోయిందమ్మా."

"పడిందా? నేను ఈడ నిలబడి ఉండానే. వచ్చినామె నా మాదిరే ఉండాదా?"

అప్పటికే చేరుకుని రెడ్డి తరపు ఏజెంటు కుర్చీలో కూర్చున్న సుబ్బయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వరుసలో ఎవరో "పోనీలే అవ్వా, ఎండ శానా ఉండాది," అన్నారు. అత్త గడప దగ్గరే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నా ఓటు నాకిచ్చేదాకా లేసేది లేదు."

అధికారి మెత్తని మనిషి. వేరే కాగితం ఇవ్వగలనన్నాడు. అది పెట్టెలో పడదు, కవరులో ఉంటుంది, ఎవరైనా కోర్టుకు పోతే తప్ప లెక్కలోకి రాదు. ఈమే ఎస్తేరమ్మ అని తెలిసినవాళ్లు చెప్పాలట.

"నేను చెబుతాను," అన్నాను.

సుబ్బయ్య ఇప్పుడు ఇటు తిరిగాడు. "మీ బడి కమిటీలో మా రెడ్డి ఉండాడు, టీచరమ్మా. ఆలోచన చేసుకో."

బడి పోతే నాకు వేరే దారి లేదు. అయినా చెప్పాను. "ఈమె మా నాయన తోబుట్టువు ఎస్తేరమ్మ. పొద్దున కడపలో ఈమెను బస్సెక్కమని పిలిచింది ఈ సుబ్బయ్యే." అధికారి నా మాట రాసుకుని అత్తకు కాగితమిచ్చాడు. అత్త కాగితం మీద గుర్తు వేసి, కవరు అంటించేదాకా చూసి గాని లేవలేదు.

నాలుగింటి బస్సులో వెనక్కి బయలుదేరాం. "నీ ఓటు లెక్కపెట్టరు గదత్తా," అన్నాను.

"పెట్టకపోనీ. ఎస్తేరమ్మ బతికే ఉండాదని రాసుకున్యారు గదా."

బడి సంగతి ఏమవుతుందో నాకింకా తెలియదు. ఓటున్న ఆడవాళ్లకు ఒక్కటే చెబుతాను. మొదటి ఝాములోనే వెళ్లండి. పడిపోయిందంటే తిరిగి రాకండి, ఆ వేరే కాగితం అడగండి. వెంట ఒకరిని తీసుకెళ్లండి.

కిటికీ పక్కన అత్త చీర కొంగు తలకు చుట్టుకుంది. "వచ్చే ఎలచ్చన్లకు తెల్లారకముందే పోయి ఆ గడపలో కూచుంటా. నా పేరు పెట్టుకుని ఎవరొస్తారో రానీ," అంది.