ఎనకాల నేనున్నాను

మా వదిన రావికమతం పిల్ల. చెరుకు పనుల్లేని మధ్యాహ్నాలు అన్నయ్య, నేను, ఆమె కలిసి ఫోన్లలో యుద్ధం గేమ్ ఆడేవాళ్ళం. మేమిద్దరం కత్తి పట్టే ఫైటర్లం. ఆమె ఎప్పుడూ దెబ్బలు మాన్పే హీలరే. "నువ్వెల్లు బాబూ, ఎనకాల నేనున్నాను" అనేది. మా తలల మీద పచ్చగీత తగ్గితే చాలు, ప్రాణం నింపేసేది. తన గీత మాత్రం చూసుకునేది కాదు. అందరికంటే ముందు తనే చచ్చిపోయేది. మేం నవ్వేవాళ్ళం.

చోడవరం ఆసుపత్రిలో తను జ్వరంతో పడుకున్న రోజు కూడా అంతే. గుమ్మంలో నిలబడ్డ అన్నయ్యనే చూస్తూ, "మీ అన్న మొకం సూడు బాబూ. పొద్దుట్నుంచీ ఏటీ తిన్నేదు. టిఫినెట్టించు" అంది.

హోటల్లో అన్నయ్య ఇడ్లీ తుంచాడు. నోట్లో పెట్టుకునేలోగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.