సలోమీ టీచరుగారి మూడు ప్రశ్నలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. మా గోడ మీద కనిపించిన బల్లి, నేను బజారుకు చేరేసరికి ఉడుమవుతుంది. అది తెలిసే చదవండి. ఈ ఉదయం గుంటూరులోని మా కారం మిల్లులో కొత్త మిరపకాయల బస్తా మూతి విప్పాను. ఆ ఘాటుకు నేను తుమ్మిన తుమ్ముకు ఎదురు మేడ మీద ఆరేసిన చీరలు కదిలాయి. రెండో తుమ్ము వచ్చేలోపే సలోమీ టీచరుగారు గుర్తొచ్చారు. తుమ్మకుండా ఆవిడ పాఠం విన్న రోజు నాకు లేదు. ఆవిడ క్లాసు జరిగింది మిర్చి గోదాము పై గదిలో మరి.

లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆవిడ కొన్నేళ్ళు వీధివీధీ తిరిగి పచ్చళ్ళు అమ్మారు. ఆ అనుభవంతో మాలాంటి చిన్న వ్యాపారులకు వారంలో రెండు ఉదయాలు తరగతి నడిపేవారు. మొత్తం ఎనిమిది మందిమి, కూర్చునేది మూడో తరగతి పిల్లల బెంచీల మీద. ఒంగోలు నుంచి వచ్చే గ్రానైటు సుబ్బారావును క్లాసయ్యాక బెంచీలోంచి ఊడదీయడానికి లారీ జాకీ కావలసి వచ్చేది. అప్పటికి నా మిల్లు కొన ఊపిరితో ఉంది. మంగళగిరిలో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీనుకు కారం సరఫరా దొరికితే బతుకుతుంది. లేదంటే తాళం వేసి, నేను మళ్ళీ పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరాలి. శుక్రవారం ఆ క్యాంటీను మేనేజరును కలవాలి. మంగళవారం క్లాసులో టీచరుగారు సుబ్బారావును మేనేజరుగా కూర్చోబెట్టి నా చేత రిహార్సలు వేయించారు. నేను విజృంభించాను.

"అయ్యా, మా కారం చిటికెడు చాలండి, చెవుల్లోంచి పొగలొస్తాయి. మా తాత దీంతో తాచుపామును చంపాడు."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. టీచరుగారు కొట్టలేదు.

"ఏవయ్యా వెంకటేశ్వర్లూ, వాళ్ళు అన్నం తినాలా, పాముల్ని చంపుకోవాలా?"

"గుంటూరు కారమంటే ఘాటే కదండీ."

"అది నీ గొప్ప. తినేవాడి సంగతి అడిగావా?"

సుబ్బారావు అందుకున్నాడు. "ఒరేయ్, మేనేజర్ని నేను. నన్నొక్క ముక్క మాట్లాడనిచ్చావంట్రా?"

అప్పుడు ఆవిడ నియమం పెట్టారు. సరుకు గురించి నోరెత్తే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరు తింటారు, ఇప్పుడున్నదాంతో ఇబ్బందేమిటి, ఎలా ఉంటే బాగుంటుంది. అవతలివాడు జవాబు చెప్పేంతసేపూ నా పళ్ళ మధ్య ఎండుమిరపకాయ. మధ్యలో మాట్లాడబోతే పటుక్కున కొరుకుతాను. ఆ ఒక్క ఉదయం పదకొండు కాయలు నమిలాను. నా కన్నీళ్ళతో కింద గోదాము తడిసిందని ఓనరు గొడవకొచ్చాడు.

శుక్రవారం ఒంటరిగా మంగళగిరి బస్సెక్కాను. మేనేజరు ఎదుట కూర్చోగానే తాచుపాము నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఎవరు తింటారండీ?" అన్నాను.

"సగం మంది బయటి రాష్ట్రాల పిల్లలండీ."

"ఇప్పుడు వాడే కారంతో ఇబ్బందేమన్నా ఉందా?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కూరలన్నీ గిన్నెల్లోనే మిగిలిపోతున్నాయండీ. పెరుగన్నం తిని లేచిపోతున్నారు."

"ఎలా ఉంటే బాగుంటుందండీ?"

"ఎరుపు ఉండాలి, మంట సగమే ఉండాలి. ఆ మాటంటే మీ గుంటూరు వాళ్ళు ఇంటిపేరు మార్చుకోమన్నట్టు చూస్తున్నారు."

నేనూ అలాగే చూడబోయాను. నాలో ఏడు తరాల మిరప రైతులు కర్రలు పట్టుకుని లేచారు. వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, "తగ్గిస్తానండీ. రంగెక్కువ, మంట తక్కువ ఉండే కాయలు కలుపుతాను" అన్నాను. నమూనా తెమ్మన్నారు, తిన్నారు, ఒప్పుకున్నారు. మిల్లు తిరిగింది, ఇవాళ్టికీ తిరుగుతోంది. ఆ రోజు బస్సు అక్కర్లేదు, గాల్లోనే గుంటూరు చేరాను.

టీచరుగారు పోయి రెండేళ్ళు. ఆవిడ విషయంలో అబద్ధం మిగల్చకూడదు కాబట్టి, కల్పించిన ముక్క చెప్పేస్తాను. నేను ఒంటరిగా వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులతోనే ఆవిడా బస్సెక్కారు. మా పెద్దమ్మ అని మేనేజరుకు పరిచయం చేశాను. మొదటి ప్రశ్నకు ఆయన జవాబు పూర్తవకముందే నేను నోరు తెరిచాను. ఆవిడ బల్ల కింద నా ఎడమ పాదాన్ని చెప్పుతో గట్టిగా తొక్కి, నేను మూడో ప్రశ్న అడిగేదాకా కాలు తీయలేదు. ఇప్పటికీ కొత్త గిరాకీ మాట మొదలుపెట్టగానే నా ఎడమ పాదం దానంతటదే కుర్చీ కిందికి జరుగుతుంది, నేను నోరు మూసుకుని వింటాను.