మూడడుగుల పురోహితుడు

తెనాలిలో తను చేయించిన పెళ్ళిళ్ళు వెయ్యి దాటాయని వేంకటసుబ్రహ్మణ్యం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు. ఆ వెయ్యిలో చదివిన ఒక్క మంత్రానికీ ఆయనకు అర్థం తెలియదన్న సంగతి మాత్రం ఆయన భార్య సావిత్రికే తెలుసు. ముప్ఫయ్యేళ్ళుగా దాన్ని కడుపులోనే దాచుకుంది. మొగుడి మీద గౌరవంతో కాదు. చెప్పి ఏం లాభమన్న ఏవగింపుతో.

ఆమె బాపట్లలో వేదం చెప్పిన వెంకట్రామయ్యగారి కూతురు. ఆయన వసారాలో పిల్లలకు మంత్రమూ అర్థమూ కలిపి చెబుతుంటే, లోపల పప్పు రుబ్బుతున్న ఈమెకు వాళ్ళకంటే ముందే వచ్చేసేది. అలాంటి పిల్లను, పినతండ్రి వెనక సంచీ మోస్తూ నాలుగు ముక్కలు బట్టీపట్టిన కుర్రాడికి కట్టబెట్టారు. మగపెళ్ళివారు పట్టుబట్టడంతో పౌరోహిత్యం కూడా ఆ పినతండ్రే చేశాడు. సప్తపదిలో మూడడుగులు వేయించి, "ఆఁ, అయింది, పప్పు చల్లారిపోతోంది, లేవండి లేవండి" అన్నాడు. తలవంచుకున్న పదహారేళ్ళ సావిత్రి లెక్కపెట్టుకుంది. తండ్రీ లెక్కపెట్టాడు గానీ, వియ్యాలవారితో గొడవెందుకని నోరు మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడాన్ని ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

రెండువేల ఆరు మాఘమాసంలో రేపల్లె లెక్చరరు సంజీవరావు, కూతురు లాస్యను వెంటబెట్టుకుని తెనాలి వచ్చాడు. లాస్యకు పుణేలో ఉద్యోగం. పెళ్ళికొడుకు అక్కడి మరాఠీవాడు.

"మీరు మంత్రం చదివి, దాని అర్థం తెలుగులో మైకులో చెప్పాలండి. మా బాపట్ల హిందీ మాస్టారు జగన్నాథరావుగారు దాన్ని హిందీలో చెబుతారు. అప్పుడు వాళ్ళకీ మనకీ కూడా తెలుస్తుంది" అన్నాడు సంజీవరావు.

"ఓస్, అదెంత పనండీ!" అన్నాడు వేంకటసుబ్రహ్మణ్యం. వాళ్ళిలా వీధి మలుపు తిరిగారో లేదో వంటింట్లోకి వచ్చి నీళ్ళు నమిలాడు.

"ఏమే, మీ నాన్న దగ్గర ఏదో విన్నదానివి కదా. రెండు ముక్కలు రాసిపెట్టు."

సావిత్రి నాలుగు రోజులు కూర్చుని నోటుబుక్కు నిండా రాసింది. రెండు ముక్కలట! రాస్తున్నంతసేపూ తండ్రి గొంతే వినిపించింది. ఏడో అడుగు దగ్గరికొచ్చేసరికి కాసేపు కలం ఆగిపోయింది.

మళ్ళీ వారం అంతా కలిసి కూర్చున్నారు. జగన్నాథరావు శాలువా కప్పుకుని వచ్చాడు. ఎవరో ఎప్పుడో కప్పిన శాలువా, ఎండల్లో కూడా తియ్యడు. కన్యాదానం దగ్గర భారతీయ నారి గురించి పది నిమిషాలు మాట్లాడతానన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అంతసేపైతే భోజనాలు ఆలస్యమని వేంకటసుబ్రహ్మణ్యం భయం. ఇద్దరూ బేరమాడుకుని, అది అయిదు నిమిషాలు చేసి, మిగిలిన టైము కోసం సప్తపది కుదించేద్దామన్నారు. కాఫీ ఇస్తున్న సావిత్రికి ఆ రెండు గ్లాసులూ ఇద్దరి నెత్తినా పొయ్యాలనిపించింది.

లాస్య నోటుబుక్కులోంచి తలెత్తింది. "ఇది రాసిందెవరు పిన్నిగారూ?"

"నేను చెబుతుంటే రాసిందమ్మా" అన్నాడు మొగుడు చప్పున. ఆమె రవ్వంత నవ్వింది. ఆ నవ్వు చాలు లాస్యకు.

"నాకు ఏడడుగులూ కావాలండి. ఒక్కటి తగ్గినా ఊరుకోను. పిన్నిగారూ, మీరు కూడా రావాలి."

"వస్తానమ్మా. ఏడూ వేయించే పంపిస్తాను" అంది సావిత్రి. మొగుడు చేయించే పెళ్ళిళ్ళకు ఆమె ఎప్పుడూ వెళ్ళి ఎరగదు. మాట అయితే ఇచ్చేసింది.

రేపల్లె కల్యాణమండపంలో పదింటికి ముహూర్తం. తాళి కట్టడం, తలంబ్రాలు అయ్యేసరికే సగం జనం భోజనాల హాలు వైపు మెడలు సాచారు. వేంకటసుబ్రహ్మణ్యం నోటుబుక్కు చూసి, మొదటి అడుగు అన్నానికి, రెండోది బలానికి, మూడోది వ్రతానికి అని చదివాడు. జగన్నాథరావు ఒక్కోదానికీ గొంతు వణికించి హిందీ చెప్పాడు. అంతలో సాంబారు వాసన వచ్చింది. వేంకటసుబ్రహ్మణ్యం పుస్తకం మూసేశాడు.

పెళ్ళికొడుకు తల్లి లేచి నిలబడి నాలుగు వేళ్ళు చూపించింది. "ఔర్ చార్, పండిత్‌జీ!"

"మా ఆచారం మూడేనని చెప్పండి" అన్నాడాయన జగన్నాథరావుతో. మైకు చేతిలోనే ఉంది. ఊరంతా విన్నది.

సావిత్రికి ఒళ్ళు మండిపోయింది. పదహారేళ్ళప్పుడు మింగిన మాట ఇన్నేళ్ళకు గొంతులోకి వచ్చింది. లేచి పీటల దగ్గరికి నడిచింది.

"మన ఆచారం ఏడు. చేతకానిదాన్ని ఆచారం అనకండి. నాలుగోది అందుకోండి."

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఎన్నడూ చెప్పనిది ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె మెల్లగా మంత్రంలో మొదటి మాట అందించింది. చివర మొదటి మూడింటిలాగే ఉండబట్టి, ఆయన దాన్ని పట్టుకుని కుంటుతూ పూర్తిచేశాడు. అర్థం ఆమే చెప్పింది, పుస్తకం చూడకుండా. నాలుగు సుఖానికి, అయిదు పాడికి, ఆరు ఋతువులకు.

"ఏడోది యజ్ఞానికి. ఏడూ నడిచాక పెళ్ళికొడుకు ఈ పిల్లతో, ఇక నువ్వు నా స్నేహితురాలివి, నేను నీకు స్నేహితుణ్ణి అంటాడు. అంతవరకూ వీళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళే."

జగన్నాథరావు అలంకారాలన్నీ మరిచిపోయి ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాడు. పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకుంది. లాస్య సావిత్రి చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

మధ్యాహ్నం తెనాలి పాసింజరులో మొగుడూపెళ్ళాలు ఎదురెదురుగా కూర్చున్నారు. బండి కదిలాక ఆయన అడిగాడు.

"మన పెళ్ళిలో ఎన్ని వేశాం?"

"మూడు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడిగితేగా."

ఆయన సంచీలోంచి నోటుబుక్కు తీసి, కళ్ళజోడు తగిలించుకుని, నాలుగో అడుగున్న పేజీ వెతికి, వేలు పెట్టి చదవబోయాడు.

సావిత్రి చెయ్యి చాచి పేజీలు వెనక్కి తిప్పింది.

"అక్కడ కాదు. మొదటినుంచి."