నీళ్లలో వేడి చేసిన సరేసు

చెక్క మీద పెన్సిలుతో కొలతలు తప్ప నేను ఏమీ రాసినవాణ్ని కాను. అందుకే జరిగింది జరిగినట్టే చెబుతాను.

కామారెడ్డిలో మాది వడ్రంగి షాపు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాం. పోయిన చలికాలం ఎల్లారెడ్డి నుంచి ఒక అవ్వ హార్మోనియం పట్టుకొని వచ్చింది. అక్కడి చర్చిలో పాటలకు ఆమే వాయిస్తుంది. వెనక గాలి కొట్టే తిత్తి మడతల దగ్గర ఊడిపోయింది. ఎవరో తెల్ల జిగురు పూసి అతికించారట, అది ఆగలేదు.

"ఆదివారం దాకా ఇది పలకకుంటే కీబోర్డు తెస్తరట బిడ్డా. దీన్ని స్టోరు రూముల పడేస్తరు. నాకు ఆ కరెంటు డబ్బా రాదు. ఇగ నేను వెనక పోయి కూసోవాలె," అంది.

నేను ఎప్పుడూ హార్మోనియం విప్పలేదు. నాతో కాదని చెప్పాల్సింది. కానీ మాట్లాడుతున్నంత సేపూ ఆమె చెయ్యి ఆ పెట్టె మీదే ఉంది. సరే అవ్వా అన్నాను.

మా గల్లీలో ఒకప్పుడు ఢోలకులు, హార్మోనియంలు బాగుచేసే ఉస్తాద్ ఉండేవాడు. ఇప్పుడు నిజామాబాదులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయనకు ఫోన్ చేశాను.

"తెల్ల జిగురంత గీకెయ్ బేటా. దాని మీద ఏదీ అతకది. దీనికి సరేసే కావాలె," అన్నాడు.

సరేసు అంటే పశువుల తోళ్లు ఉడికించి తీసే జిగురు. ఎండిన పలుకుల్లా దొరుకుతుంది. మా నాయన వాడేవాడు. నాకు పని వచ్చేసరికి తెల్ల జిగురు డబ్బాలు వచ్చేశాయి.

"రాత్రంత చల్లనీళ్లల్ల నానవెట్టు. పొద్దుగాల నీళ్లల్ల వేడి చెయ్యి..." అంటుండగానే ఫోన్ కట్ అయింది. ఇంత చిన్న పనికి మళ్లీ ఏం అడుగుతాంలే అనుకున్నాను.

తెల్లారి చూస్తే పలుకులు సగ్గుబియ్యంలా ఉబ్బాయి. గిన్నెలో ఇంకో చెంబు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. నీళ్లలో వేడి చేయడమంటే అదే కదా! మా ఇంట్లో పప్పయినా చారయినా పొంగు వస్తేనే అయినట్టు. దీన్నీ అలాగే తుకతుకా మరిగించాను. ఆ వాసనకు నా భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చింది.

"ఏంది గది, బర్రెకు దాణా ఉడకవెడుతున్నవా?"

"అవ్వ హార్మోనియానికి జిగురు."

"మంచిదే. గీ వాసనకు చర్చిల ఒక్కరు కూసోరు."

తెల్ల జిగురు గీకేసి, తిత్తి మడతల మీద తోలు పట్టీలు అతికించి ఆరబెట్టాను. మర్నాడు కొసను గోటితో పట్టి లాగితే ఉల్లిపొరలా లేచి వచ్చింది. అది శుక్రవారం. అప్పుడే అవ్వ ఫోన్.

"ఎందాక వచ్చింది బిడ్డా?"

"అయితది అవ్వా," అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

మళ్లీ ఉస్తాద్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "నువ్వు చెప్పినట్టే నీళ్లల్ల వేడి చేసిన ఉస్తాద్. మంచిగ మరిగించిన."

అవతల ఒకటే నవ్వు. "అరె, సరేసుల నీళ్లు పొయ్యమన్ననా? సరేసు గిన్నెను తీస్కపోయి నీళ్లల్ల పెట్టుమన్న! మరిగితే దాని పానం పోయినట్టే."

పక్కన నిలబడి వింటున్న నా భార్య అందుకుంది. "అంటే చంటిపిల్లల పాలసీస వెచ్చవెట్టినట్టు."

"హా బేటీ, గంతే! వేలు ముంచితే సుర్రుమనాలె, బొబ్బ రావద్దు. నువ్వే చెయ్యి, వాడు పొయ్యి దగ్గరికి రావద్దు."

పట్టీలన్నీ ఊడదీసి శుభ్రంగా గీకాను. కొత్త పలుకులు నానబెట్టాం. శనివారం నా భార్య పొయ్యి మీద పెద్ద గంజులో నీళ్లు పెట్టి, అడుగున పెంకు ముక్క వేసి, దాని మీద సరేసు గిన్నె ఉంచింది. నెమ్మదిగా తేనెలా కరిగింది. కుంచె ఎత్తితే ముద్దలుగా పడింది. నాలా చెంబుతో కాకుండా, చెంచాతో వేడినీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ పోతే సన్నటి తీగలా జారింది.

అంతా బాగుందనుకుంటే ఇంకో తంటా. పూసి, పట్టీ అందుకొనేలోపే సరేసు గడ్డ కట్టి జున్నులా అవుతోంది. మళ్లీ పూస్తే మళ్లీ అంతే. సరుకే మంచిది కాదని సరేసు అమ్మిన షాపువాణ్ని తిట్టడం మొదలుపెట్టాను.

"వాన్నెందుకు తిడుతవ్? పైకి చూడు," అంది నా భార్య.

పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. వాసన పోవాలని నేనే వేశాను, అదీ చలికాలంలో! ఆపేశాను. తిత్తిని, పట్టీలను ఎండలో పెట్టి గోరువెచ్చగా అయ్యాక లోపలికి తెచ్చాం. ఈసారి జానెడు పూయడం, జానెడు అతికించడం, వేడినీళ్ల గుడ్డతో తుడవడం. తర్వాత రెండు పలకల మధ్య పెట్టి కట్టేశాను.

ఆదివారం పొద్దున కొసను గోటితో లాగి చూశాను. కదల్లేదు. హార్మోనియం బిగించి, ఒళ్లో పెట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

చర్చిలో అవ్వ చాప మీద కూర్చొని, తిత్తి గొళ్లెం తీసి గాలి కొట్టింది. పలికింది. ఒక మూల మాత్రం సన్నగా సుయ్యిమంది. 

"అవ్వా, అక్కడ ఇంకా జర..."

"గింతదా? గది నేను చూస్కుంట," అని చెయ్యి కొంచెం జోరు పెంచింది. పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. కీబోర్డు మాట ఎవరూ ఎత్తలేదు.

ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. "రామారెడ్డి ఊర్ల మా చెల్లె కాడ గూడ గిసొంటిదే ఉంది బిడ్డా. గాలి పోతదని మూలకు పెట్టింది. తెమ్మంటవా?"

"తెమ్మను అవ్వా. ముందురోజే ఫోన్ చెయ్యమను, నానవెట్టాలె," అన్నాను.